ఎదురుచూపు కొలిచే కడియం

కేంద్రానికి ఫిర్యాదులు రావడం పూర్తిగా ఆగిపోయిన రోజున డైరెక్టరు వేమగిరి సత్యానందం సిబ్బందికంతా కాజాలు పంచాడు.

అంతకు ముందు ఆ కేంద్రం సంగతి వేరు. కాకినాడ తీరాన, ఉప్పుగాలి సోకకుండా కట్టిన చల్లని గదుల్లో కొన్ని వేల సర్వర్లు ఒకే క్లస్టరుగా పనిచేస్తాయి. రాష్ట్రంలోని పరిశోధకులందరికీ అదొక్కటే ఆధారం. తుపాను దారి లెక్కకట్టేవారు, కొత్త మందుల అణువులను పరీక్షించేవారు, రొయ్యల తెగుళ్ళను వెంటాడేవారు, తోకచుక్కల కక్ష్యలు గీసేవారు, అందరూ తమ లెక్కలను పంపి క్యూలో ఉంచుతారు. ముందు వచ్చినవారికే ముందు అని నియమం పెడితే, ఒక తోకచుక్క వారం పాటు యంత్రాలన్నిటినీ పట్టుకొని కూర్చునేది. దాని వెనుక ఐదు నిమిషాల లెక్కలు వందలకొద్దీ పడి ఉండేవి. అందరికీ సమానవాటా అంటే, తుపానూ తోకచుక్కా ఒకే నడక నడిచేవి. మీ పని ఎంత అత్యవసరమో మీరే చెప్పండి అంటే, మరునాటికల్లా తోకచుక్కలతో సహా అన్నీ అత్యవసరాలే అయిపోయాయి.

ఈ చిక్కును విప్పినది తటవర్తి భార్గవి. ఆమె చదువు క్యూ సిద్ధాంతం. ఆ శాస్త్రంలో ఒక పాత ఫలితం ఉంది. ఎవరి ఎదురుచూపుకు గంటకు ఎక్కువ నష్టమో, ఎవరి పని త్వరగా తెమిలేదో చూసి, వారిని ముందు పంపితే మొత్తం మీద నష్టం అతి తక్కువగా ఉంటుంది. గణితంలో దానికి వంక పెట్టలేము. అయితే దానికి కావలసిన ఒక అంకె మాత్రం ఎవరి దగ్గరా లేదు: ఫలానా మనిషికి ఒక గంట ఎదురుచూపు ఎంత ఖరీదు? అడిగితే అబద్ధం చెబుతారు. అందుకని భార్గవి అడగడం మాని, కొలవడం మొదలుపెట్టింది.

ఆమె తయారుచేసిన వెండిరంగు పట్టీని అందరూ కడియం అన్నారు. లెక్క ఎవరి కోసమో వారు దాన్ని మణికట్టుకు తొడుక్కోవాలి. నాడి, చెమట, నిద్ర, వేళ్ళ వణుకు, చర్మం కింద హెచ్చుతగ్గులయ్యే కొన్ని రసాయనాలు, వీటన్నిటి నుంచి అది ఎదురుచూపులోని బాధను సున్నా నుంచి నూరు దాకా ఒక అంకెగా తేలుస్తుంది. బాధ పెరిగినవారి లెక్క దానంతటదే ముందుకు జరుగుతుంది. ఏ లెక్క ఎవరిదో దాన్ని పంపినవారికి తప్ప కేంద్రంలో ఎవరికీ కనబడదు. సిఫార్సులకు తావుండకూడదని పేర్లను కప్పి ఉంచింది కూడా భార్గవే. ఏడాది తిరగకుండానే ఫిర్యాదులు తగ్గి, ఆపైన ఆగిపోయాయి.

"ఇన్నేళ్ళ సర్వీసులో నా ఫోను మోగని సోమవారం ఇదేనమ్మా" అన్నాడు సత్యానందం, కాజాల పళ్ళెం ఆమె ముందుకు తోస్తూ. "ఢిల్లీవాళ్ళు చూడ్డానికొస్తున్నారు. నచ్చితే దేశంలో అన్ని కేంద్రాల్లోనూ ఇదేనట. ఇంకోటి తీసుకో."

"మావయ్యగారికి పట్టుకెళ్తానండి" అని భార్గవి రెండు కాజాలు కాగితంలో చుట్టుకుంది.

భార్గవి మామగారు జోగారావు ఉద్యోగమంతా రైల్వే జంక్షనులో మైకు ముందే గడిచింది. ఏ రైలు ఎంత ఆలస్యంగా నడుస్తోందో ప్రయాణికులకు చెప్పడం ఆయన పని. ఆ గొంతులో ఆలస్యం కబురు వింటే జనానికి కోపం వచ్చేది కాదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఏడాది వేసవిలో కంతి కారణంగా ఆయన స్వరపేటికను తీసివేశారు. ప్రాణానికి భయం లేదు. గొంతు మాత్రం లేదు. అప్పటినుంచి ఆయన మాటలను ఫోనులో టైపు చేస్తే, ఫోను వాటిని వార్తలు చదివే ఒక పడుచుపిల్ల గొంతుతో పైకి చదువుతోంది.

"ఆ పిల్ల గొంతేసుకుని నాతో మాట్టాడొద్దని చెప్పానా లేదా!" అంది ఆయన భార్య వరహాలమ్మ. "పక్కవాటావాళ్ళు మనింటికి ఎవరొచ్చారని అడుగుతున్నారు."

జోగారావు తాపీగా టైపు చేశాడు. "ఈ వయసులో నాకు అంత పేరు రావడం గొప్పే కదా" అని ఆ పిల్ల గొంతు పలికింది.

"విన్నావా భార్గవీ! ఆ నవ్వు చూడు!"

భార్గవి భర్త రేవులో పూడిక తీసే ఓడ మీద ఇంజనీరు కావడం వల్ల వారాల తరబడి సముద్రంలోనే ఉంటాడు. ఇంట్లో మిగిలేది ఈ ముగ్గురే. వీళ్ళకు రోజులు బాగానే గడుస్తున్నాయి.

జోగారావు గొంతును తిరిగి తెచ్చే మార్గం ఒకటుంది. కేంద్రానికి అనుబంధమైన ప్రయోగశాలలో పల్లా ఎస్తేరు అనే శాస్త్రవేత్త పలుకుపట్టీ అనే సాధనాన్ని రూపొందించింది. మెడకు కట్టుకునే ఆ పట్టీ, మనిషి శబ్దం లేకుండా మాటలాడినప్పుడు నాలుక, దవడ, పెదవుల కండరాల కదలికను చదివి, అవే మాటలను అతని సొంత గొంతుతో పలుకుతుంది. గొంతు నమూనాకు జోగారావు ప్రకటనల పాత టేపులున్నాయి. ఏ కదలిక ఏ ధ్వని అవుతుందో తేల్చడానికి క్లస్టరు మీద పెద్ద లెక్క ఒకటి జరగాలి. దానికి ఒక గడువు ఉంది. శబ్దం పోయిన తరువాత కూడా నోరు కొన్ని నెలలు పాత అలవాటు ప్రకారం కదులుతుంది. ఆ తరువాత ఆ అలవాటును మరచిపోతుంది.

లెక్కను క్యూలో పెట్టిన రోజున కడియాన్ని మామగారి చేతికి తొడిగింది భార్గవే.

"మీ వంతు తొందర్లోనే వచ్చేస్తుందండి, మావయ్యగారూ."

"రైలు వచ్చేస్తోందని ఇన్నాళ్ళూ నేను చెప్పేవాణ్ణి" అంది ఫోను. "వినడం కూడా బాగుంది."

వానలు మొదలయ్యాయి, ముమ్మరించాయి, తెరిపి ఇచ్చాయి. ఒక ఆదివారం ఉదయం ఎస్తేరు వాళ్ళింటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుంది.

"అడక్కూడదని తెలుసండి మేడమ్, రూల్సు పెట్టింది మీరే. కానీ ఈయన లెక్క క్యూలో అడుగునుంది. రోజూ కాస్త కదిలినట్టే కదిలి మళ్ళీ అడుక్కే పోతోంది."

"ఇంకా జరగలేదా?" భార్గవి నిజంగానే ఆశ్చర్యపోయింది. జోగారావు చెప్పలేదు కనుక ఆమె అడగలేదు. నియమం తనదే కనుక చూడనూ లేదు.

"జరగలేదండి. ఈయన పెదాలు కదపడం తగ్గించేశారు. వారం వారం సంకేతాలు సన్నబడిపోతున్నాయి. దసరా దాటితే ఆ లెక్క జరిగినా ఒకటే, జరక్కపోయినా ఒకటే."

జోగారావు వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. ఒక్కొక్క ఈనె తెగకుండా మొదటి నుంచి చివరిదాకా వచ్చినప్పుడల్లా ఆయన ముఖంలో చిన్న సంతోషం కనబడుతోంది. భార్గవి వంగి కడియం చూసింది. మూడు. ఆ క్యూలో అంతకంటె చిన్న అంకె ఉంటుందని ఆమె అనుకోలేదు.

"మావయ్యగారూ, మాట లేకపోవడం మీకు బాధగా లేదా అండి?"

ఆయన చేతులు తుడుచుకుని టైపు చేశాడు. "ఉంది. ఎదురుచూడటం మాత్రం బాధగా లేదు. రెండూ ఒకటి కాదు కదా, అమ్మాయ్."

భార్గవి మెట్ల మీదే కూర్చుండిపోయింది. క్యూ శాస్త్రంలో మరొక ఫలితం ఉంది. యంత్రాల శక్తి పెరగనంత కాలం, ఒకరి ఎదురుచూపును తగ్గిస్తే ఆ భారం పోదు. మరొకరి మీద పడుతుంది. దీన్ని ఆమె ఎన్నో తరగతుల్లో పాఠంగా చెప్పింది. క్యూలో ఫిర్యాదులు లేకుండా పోయినప్పుడు ఆ భారమంతా ఎవరి మీదకు చేరిందో చూడాలని మాత్రం ఆమెకు తోచలేదు. ఫిర్యాదు చేయని వారి మీదకు చేరింది. ఆమె కొలమానం బాధను తప్పులేకుండానే కొలిచింది. తప్పంతా బాధే అవసరానికి కొలత అని ఆమె అనుకోవడంలో ఉంది.

"అంటే ఆయన్ని బాధపెడితే చాలన్నమాట?" అంది వరహాలమ్మ, ఎస్తేరు చెప్పినదంతా విని. "ఆ పని నాకొదిలెయ్యండి."

మరునాడంతా ఆవిడ ఆ పనిలోనే ఉంది. పప్పులో ఉప్పు రెండింతలు వేసింది. ఆయనకు గిట్టని సీరియలు పెద్ద శబ్దంతో పెట్టింది. బీమా పాలసీలు అమ్మే తన తమ్ముణ్ణి పిలిచి ఆయన పక్కన కూర్చోబెట్టింది. జోగారావు పప్పు మారు వడ్డించుకున్నాడు. సీరియలులో అత్తగారి పాత్ర ఎవరినో గుర్తుచేస్తోందని టైపు చేశాడు. బావమరిదిని సాయంత్రం దాకా ఉండమని బలవంతం చేశాడు.

"ఉప్పు ఈరోజు సరిపోయింది" అంది ఫోను రాత్రి భోజనాల దగ్గర. "ఇన్నాళ్ళూ తక్కువేసేదానివి."

కడియం మీద అంకె రెండుకు దిగింది.

భార్గవి ఆ వారం కేంద్రంలో తన గది వదిలి క్యాంటీనులో ఎక్కువసేపు కూర్చుంది. తోకచుక్కల విభాగంలోని పేరాబత్తుల నరహరి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. అతని లెక్కలు వారానికొకటి చొప్పున పూర్తవుతున్నాయని అతని నోటనే అందరూ విన్నారు. కాఫీ కప్పు నోటి దాకా తీసుకువెళ్ళేలోగా సగం సాసరులో ఒలికింది.

"తోకచుక్క మళ్ళీ ఎప్పుడొస్తుంది నరహరీ?"

"ఎనభై ఏళ్ళకండి."

"మరి తొందరేంటయ్యా?"

"తొందరేం లేదండి. మీ కడియం నటనని పట్టేస్తుంది కదండీ. అందుకని మేమంతా నిజంగానే కంగారుపడటం నేర్చుకున్నాం. మొదట్లో లెక్క పంపేముందు మాత్రం పడేవాణ్ణి. ఇప్పుడు లెక్క అయిపోయినా దడ తగ్గట్లేదు." అతడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మొన్న బీరకాయ కూర చేసిందని గిన్నె విసిరేశానండి. నేనండి! మా ఆవిడ నన్నలా చూస్తూ నిలబడిపోయింది."

భార్గవికి అప్పుడు తన యంత్రం రెండో చివర కూడా కనబడింది. నెమ్మదస్తులను అది క్యూ అడుగుకు తొక్కుతోంది. మిగిలినవారిని నెమ్మదస్తులు కాకుండా చేస్తోంది.

ఇంటికి వస్తూ, ప్రయోగశాలలో వాడే మరో కడియాన్ని సంచిలో వేసుకుంది. ఎందుకో తనకే స్పష్టంగా తెలియదు. దాన్ని బల్ల మీద పెట్టి కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి వరహాలమ్మ చేతికి తొడుక్కుని, గాజుల పక్కన ఎలా ఉందో చూసుకుంటోంది.

"ఇదేంటే, ఎర్రగా వెలుగుతోంది? పాడైందా?"

భార్గవి చూసింది. తొంభై నాలుగు. పాడైపోయిందేమోనని తీసి తన చేతికి పెట్టుకుని పరీక్షించి, మళ్ళీ ఆవిడకు తొడిగింది. తొంభై నాలుగే.

"దేనికోసం చూస్తున్నారత్తయ్యగారూ ఇంతగా?"

"ఇంకా దేనికోసమే!" వరహాలమ్మ విసుక్కుంది; తరువాత కుర్చీలో కూలబడింది. "పెళ్ళైన కాడ్నుంచీ నేనో మాటంటే ఆయనో మాటనేవారు. ఇప్పుడు నేనంటాను, ఆయన ఆ ఫోను గీక్కుంటూ కూర్చుంటారు. ఈలోపల నాకు కోపం చల్లారిపోతుంది. ఆ తరవాత ఎవరో పిల్ల జవాబు చెబుతుంది. ఎంతని సహించను?"

ఇంతకాలం భార్గవి అత్తగారి సణుగుడును ఇంటి చప్పుళ్ళలో ఒకటిగానే విన్నది.

"దీన్నిలా నా చేతికే ఉంచితే లెక్క ఎప్పటికవుతుంది?"

"రేపటికల్లా మొదలవుతుందండి."

"మరింకేం? ఉంచెయ్."

"ఆ లెక్క మీ కోసం కాదు కదండీ."

"ఆయన గొంతు వినేది ఎవరు? ఆయనా నేనా? ఇందులో అబద్ధమేముంది, నీ కడియమే చెబుతుంటే!"

వాదనలో లోపం లేదు. ఒక్క మీట నొక్కి ఆ కడియాన్ని జోగారావు లెక్కకు జతచేస్తే చాలు. పేర్లు కప్పి ఉన్నాయి, ఎవరికీ తెలియదు. దసరా మూడు వారాల్లోకి వచ్చింది.

"తప్పు లేదండి" అంది భార్గవి చివరకు. "కానీ మావయ్యగారిలా నోరెత్తకుండా అడుగున పడున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళిళ్ళల్లోనూ మీలాంటివారు ఉంటారు కదండీ. వాళ్ళ చేతికెవరు తొడుగుతారు?"

"వాళ్ళ కోడళ్ళు తొడుగుతారు!"

భార్గవికి నవ్వు వచ్చింది. అయినా కడియాన్ని తీసి సంచిలో పెట్టుకుంది. వరహాలమ్మ ఆ రోజు ఆమెతో మళ్ళీ మాటలాడలేదు. వంటింట్లో గిన్నెలు మాత్రం చాలా మాటలాడాయి. అంతా వింటూ కూర్చున్న జోగారావు ఒకే వాక్యం టైపు చేసి ఫోనును కోడలి వైపు తిప్పాడు. ఈసారి దాన్ని చదవనివ్వలేదు. "బాధ లేదంటే అక్కర్లేదని కాదు, ఆ సంగతి మీ ఆఫీసులో చెప్పు" అని ఉంది.

ఢిల్లీ ప్రతినిధులు వచ్చిన రోజున సమావేశ మందిరంలో ఫిర్యాదుల రేఖ సున్నాకు దిగివచ్చిన చిత్రపటాన్ని సత్యానందం గోడంత పెద్దదిగా పెట్టించాడు. భార్గవి లేచి, దాని పక్కన మరొక పటాన్ని వెలిగించింది. పేర్లు లేవు, ఏ రకం లెక్క ఎంతకాలంగా క్యూలో పడి ఉందో మాత్రమే ఉంది. కుష్ఠు మందు ఒకటి వేసవి నుంచి ఉంది. రొయ్యల తెగులు లెక్క ఒకటి ఉంది. ఆ తెగులుతో చెరువులు ఖాళీ అయిపోయాయి కూడా. పల్లెల్లో వినికిడి యంత్రాలకు సంబంధించినది ఉంది.

సత్యానందం కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇన్ని నెలలా? వీళ్ళెవరూ ఒక్క ఫోనైనా చెయ్యలేదే!"

"చెయ్యరు కాబట్టే అక్కడున్నారండి."

ప్రతినిధుల్లో ఒకాయన కడియాన్ని సరిదిద్దవచ్చు కదా అన్నాడు. భార్గవి తల అడ్డంగా ఊపింది. "ఇది చెడిపోలేదండి. నేను చెప్పిన పనే చేస్తోంది. నేనే తప్పు పని చెప్పాను. ఈ పద్ధతిని ఉపసంహరిస్తున్నాను."

దాని స్థానంలో ఆమె ప్రతిపాదించినది సాదా పద్ధతి. ప్రతి బృందానికీ ఒక వాటా. ఈమధ్య ఎక్కువ వాడుకున్నవారు కాస్త ఆగాలి. చిన్న లెక్కలు సందుల్లోంచి దూరిపోవచ్చు. అన్నిటికంటె ముఖ్యంగా, నిలబడిన ప్రతి గంటా ఆ లెక్కకు బరువును కలుపుతుంది. అలా ఎవరి లెక్కయినా ఏదో ఒకరోజు అన్నిటికంటె బరువైనది కాక తప్పదు. ఎవరు ఎంత కంగారుపడ్డారన్న ప్రశ్నే రాదు.

"మొత్తం మీద ఎదురుచూపు బాధ పెరుగుతుంది కదమ్మా?" అన్నాడు సత్యానందం.

"పెరుగుతుందండి. కాకపోతే అందరికీ పంచుతాం."

"నా ఫోను మళ్ళీ మోగుతుంది."

"మోగాలండి."

ప్రతినిధులు మర్యాదగా టీ తాగి వెళ్ళిపోయారు. దేశవ్యాప్త పథకం సంగతి మరి ఎవరూ ఎత్తలేదు. సత్యానందం రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు ఆ కాగితాల మీద సంతకం చేశాడు.

కొత్త నియమం ప్రకారం జోగారావు లెక్కకు ముందు ఏడు లెక్కలున్నాయి. అవన్నీ అంతకంటె ముందునుంచి ఎదురుచూస్తున్నవే. భార్గవి వాటి వైపు చెయ్యి చాపలేదు. వరహాలమ్మ రోజూ ఉదయం "ఎన్నోది?" అని అడిగేది, ఆరు, నాలుగు, నాలుగు, మూడు అని భార్గవి చెప్పేది. కుష్ఠు మందు లెక్క అనుకున్నదానికంటె ఎక్కువకాలం పట్టింది. దసరా వచ్చింది, వెళ్ళింది. ఈలోగా వరహాలమ్మ భర్త ఎదుట కుర్చీ వేసుకుని, "నోరు కదపండి, ఊఁ, కదపండి" అని రోజూ గంటసేపు సాధన చేయించింది. ఆయన శబ్దం లేకుండా స్టేషన్ల పేర్లన్నీ వరుసగా పలికేవాడు.

దీపావళికి ముందు లెక్క జరిగింది. ఎస్తేరు పలుకుపట్టీని తెచ్చి జోగారావు మెడకు బిగించింది. ముగ్గురు ఆడవాళ్ళూ ఆయన నోటి వైపే చూస్తున్నారు. ఆయన పెదవులు కదిలాయి.

"వరహాలూ, ఆ పిల్లని ఇంక పంపించెయ్" అన్నాడు జోగారావు. మైకులో విన్న గొంతే అది. నిండుగా, తొణక్కుండా ఉంది.

వరహాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తేరుకుని, "ఏదీ, నన్నోసారి కోప్పడండి" అంది.

"ఎందుకు?"

"ఎందుకేంటి? ఎన్నాళ్ళైందో. కోప్పడండి!"

జోగారావు కనుబొమలు ముడిచి, మెడనరాలు ఉబ్బేలా ఏదో అన్నాడు. ముఖం ఎర్రబడింది. కాని పట్టీలోంచి, ఫలానా రైలు రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని చెప్పే పద్ధతిలో, "నోరు ముయ్యవే" అన్న మాట ఎంతో శాంతంగా వెలువడింది. వరహాలమ్మ పడీపడీ నవ్వింది. జోగారావు మళ్ళీ ప్రయత్నించాడు. అదే శాంతం.

ఎస్తేరు నవ్వలేదు. "గొంతు పెంచి మాట్టాడేటప్పటి కదలికలు ముందుగా పోయాయండి" అంది భార్గవితో, నెమ్మదిగా. "వానాకాలంలో తీసుకుంటే ఉండేవి. టేపుల్లో కూడా కోపం లేదు. మిగిలినదాన్నుంచి రాబట్టొచ్చేమో, చెప్పలేను. దానికి ఇంకో పెద్ద లెక్క కావాలి."

అది తన యంత్రం పట్టుకుపోయిన భాగమని భార్గవికి తెలుసు. క్షమించమని అడగబోతే జోగారావు చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఆ లెక్క కూడా పెట్టు, అమ్మాయ్."

"తప్పకుండా వస్తుందని చెప్పలేమండి."

"పెట్టు. నాకు కోప్పడాలనుంది." ఆయన కోడలి ఫోను వైపు చూశాడు. "నా ముందు ఎంతమందున్నారు?"

భార్గవి ఫోనులో చూసింది. "నలభై ముగ్గురండి, మావయ్యగారూ."

"నలభై ముగ్గురా!" అంది వరహాలమ్మ. "అంతమందీ అయ్యేదాకా నన్ను తిట్టకుండా ఉంటారా?"

"ఉండను. మెల్లగా తిడతాను."

అన్నట్టే మొదలుపెట్టాడు. ఒక్క మాటా తప్పిపోకుండా వరహాలమ్మ కుర్చీని దగ్గరకు లాక్కుంది.